అతుకు పక్కన పగులు

మా ఆయన రిటైరైన కొత్తలో నా భయాలు నాకుండేవి. పొద్దస్తమానం టీవీ ముందు కూర్చుంటారేమో, వంటింట్లోకి వచ్చి పప్పులో చింతపండు ఎంత వెయ్యాలో చెబుతారేమో అని. ఉద్యోగమంతా ఫ్యాను కింద కూర్చుని ఫైళ్ళ మీద సంతకాలు పెట్టిన సూపరింటెండెంటు గారు వెల్డింగు మిషను కొని పెరటి షెడ్డులో పెట్టుకుంటారని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

తప్పంతా స్కూటరుది. దాన్ని బాగుచేయించడానికి ఆటోనగర్ వెళ్ళి, పక్క షాపులో విరిగిన ఇంజను ముక్కని అతుకుతుంటే చూస్తూ నిలబడిపోయారట. మర్నాడు స్కూటరు శుభ్రంగా ఉన్నా వెళ్ళారు. ఆ తర్వాత క్యారేజీ కట్టించుకుని మరీ రోజూ వెళ్ళేవారు. "ఆఫీసుకి కూడా ఇంత ఠంచనుగా వెళ్ళలేదు కదండీ మీరు!" అంటే, "అక్కడ చూడ్డానికి ఏముందోయ్" అనేవారు. ఏడాది తిరిగేసరికి టిగ్ వెల్డింగు మిషను, గ్యాసు సిలిండరు, మొహానికి పెట్టుకునే నల్లద్దాల డొప్ప, అన్నీ మా ఇంటికి చేరాయి.

మాది గన్నవరం వెళ్ళే రోడ్డు పక్క కాలనీ. అందరూ ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళూ, వ్యాపారాల వాళ్ళూ. సాయంత్రం వాకింగులో ఆడవాళ్ళు, "మీ పెరట్లో ఆ నీలం మెరుపులేంటండీ?" అని అడిగేవారు. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఓసారి "చిన్న ఫ్యాక్టరీ పెట్టే ఆలోచనలో ఉన్నారండీ" అని కోసేశాను. ఆ అబద్ధం ఆయన దాకా వెళ్ళింది. ఆ రోజు అన్నం తింటూ గోళ్ళలో మసి కనపడకుండా ఎడమచెయ్యి ఒళ్ళో దాచుకున్నారు. అది చూసి కూడా నాకు జాలి వెయ్యలేదు. ఒళ్ళు మండింది.

ఆయనకి మామూలు ఇనుము మీద మోజు లేదు. పోత ఇనుము కావాలి. పాత ఇంజన్లూ, పంపులూ, కుట్టుమిషను కాళ్ళూ దానితోనే చేస్తారు కదా. అది విరిగితే చాలామంది తూకానికి వేసెయ్యమంటారు. మామూలు వెల్డింగు దానికి పడదట. ఇనుముని కరిగించకుండా, బాగా వేడెక్కించి, కంచు కడ్డీని మాత్రం దాని మీద కరిగించి పారించాలట. ఆ కంచు ఇనుముని పట్టుకుని బిగుస్తుంది. ఇదంతా నాకు చారు పోస్తున్నప్పుడు చెప్పేవారు.

"ఈ పోత ఇనుము అచ్చం మీ పుట్టింటివాళ్ళలాగేనోయ్" అన్నారొకసారి.

"మా వాళ్ళ జోలికొచ్చారంటే ఊరుకోను."

"గట్టిదే అంటున్నాగా! కాకపోతే ఉన్నట్టుండి వేడి తగలకూడదు, ఉన్నట్టుండి చల్లబడకూడదు. టప్పున పగులుద్ది."

"మీవాళ్ళయితే వంగుతారు, ఎటు వంచితే అటు" అన్నాను. పగలబడి నవ్వారు. పుట్టింటి మీద ఈగ వాలినా నేనూరుకోనని ఆయనకి తెలుసు.

మొదట మా కుట్టుమిషను తొక్కుడు పలక అతికారు. నల్లటి ఇనుము మీద పసుప్పచ్చటి గీత, బంగారం కరిగించి పోసినట్టు మెరుస్తూ ఉంది. ఆయన దాన్ని పదిసార్లు తుడిచి చూసుకున్నారు. నాకేమో చిరిగిన చీరకి వేసిన మాసికలా కనపడింది. ఇంటికి ఎవరైనా వస్తే మిషను మీదున్న గుడ్డని కిందికి లాగి ఆ గీత కప్పేసేదాన్ని.

పోయిన తొలకరికి మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడిది చల్లపల్లి అవతల, కాలవ చివరి శివారు భూమి. ఆ చివరికి నీళ్ళు వంతుల మీద వస్తాయి. వంతు వచ్చినప్పుడు ఆయిలింజను పెట్టి తోడుకోవాలి, లేకపోతే మళ్ళీ వంతు దాకా ఆకాశం వంక చూడాలి. నారుమడి పోసి ఉంది. సరిగ్గా అప్పుడే ట్రాక్టరు మీంచి దింపుతుంటే పంపు జారి కల్వర్టు గోడ మీద పడింది. పొట్ట దగ్గర నిలువునా పగిలింది. అది మా నాన్న కొన్న పంపు. అలాంటిది ఇప్పుడు ఎక్కడా దొరకదు, ఆటోనగర్లో ఇద్దరు ముగ్గురికి చూపిస్తే పాతసామాన్లకి వేసుకోమన్నారు.

"బావ ఏదో అతుకుతున్నారంటగా అక్కా, పనికొచ్చుద్దంటావా?" అన్నాడు.

ఏం చెప్పను? నమ్మకం లేదని చెబితే మొగుణ్ణి తక్కువ చేసినట్టు. ఉందని చెబితే నారుమడి ఎండితే నా మెడకి చుట్టుకుంటుంది. "తీసుకురా, చూద్దాం" అన్నాను నీళ్ళు నములుతూ. పక్కనే ఉన్న మా ఆయన మొహం మాత్రం మతాబులా వెలిగింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా పుట్టింటివాళ్ళు ఆయన్ని చేసిపెట్టమని అడిగిన పని అదొక్కటే.

తమ్ముడు ట్రాలీ ఆటోలో పంపు తెచ్చాడు. నీళ్ళ వంతు ఆ ఎల్లుండి పొద్దున. ఆయన ఆ సాయంత్రమంతా దాన్ని కడిగారు, సన్నటి మంట చూపించి లోపల ఇంకిన నూనె బయటికి కక్కించారు, పగులు పొడవునా ఆకురాయితో రాశారు. పగులు ఇంకా పాకకుండా రెండు కొసల్లోనూ సన్నటి బెజ్జాలు వేశారు. తెల్లవారి లేచి అతకడం మొదలుపెట్టారు. కాస్త పోస్తారు, ఆగుతారు, చిన్న సుత్తితో మెల్లగా తడతారు, మళ్ళీ కాస్త పోస్తారు. నేను కాఫీ తీసుకెళ్ళి గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆ చేతులు అంత నిదానంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. కంచు ఎర్రగా పాకి, ఆరుతూ పసుప్పచ్చగా తేలుతుంటే, ఒప్పుకోవద్దూ, ముచ్చటేసింది.

అయ్యాక పంపుని డ్రమ్ములో పెట్టి, రైసుమిల్లు నుంచి తెచ్చుకున్న ఊక బూడిద నిండా పోసి మూత పెట్టారు. ఆ బూడిదలో అయితే వేడి మెల్లమెల్లగా దిగుతుందట.

"బిగింపులో నీళ్ళు కారకుండా వెయ్యడానికి ప్యాకింగ్ షీటు తేవాలి, ఆటోనగర్ వెళ్ళొస్తా. ఏవయ్యా, నేనొచ్చేదాకా మూత తియ్యొద్దు. సాయంత్రం బయల్దేరినా రేపటికి అందుకుంటావు. ఒక్క నీటి చుక్క పడకూడదు దాని మీద" అని తమ్ముడికి మరీ మరీ చెప్పి వెళ్ళారు. ఆ మాట నేను వినలేదు. వంటింట్లో మిక్సీ తిరుగుతోంది.

ఆయన అటు వెళ్ళగానే తమ్ముడు క్యాలెండరు ముందు నిలబడ్డాడు.

"అక్కా, మధ్యాహ్నం వర్జ్యం ఉంది. అది దాటితే దుర్ముహూర్తం. ఈలోపే గుమ్మం దాటించాలి."

"బావగారు రానీరా."

"బావొచ్చేసరికి వర్జ్యం వచ్చుద్ది. కొబ్బరికాయ ఉందా?"

మా పుట్టింట్లో అదొక ఆచారం. ఇంజనైనా, పంపైనా, రిపేరు నుంచి కదిలే ముందు పసుపు రాసి, బొట్టు పెట్టి, కాయ కొట్టి ఆ నీళ్ళు దాని మీదే పొయ్యాలి. మా నాన్న అలా పొయ్యందే ఒక్క వస్తువుని బండెక్కనివ్వలేదు. వాడు గోనెపట్టా చుట్టి పంపుని బూడిదలోంచి బయటికి తీసేలోపు, దేవుడి గదిలోంచి కాయ నేనే తెచ్చిచ్చాను. సంతోషంగా తెచ్చాను, అదీ చెప్పాలి. మా ఆయన చేసిన పనికి ఒకరు పూజ చేస్తున్నారు! కాలనీ అంతా వచ్చి చూస్తే బాగుండుననిపించింది.

పసుపూ కుంకుమా తీసుకురావడానికి మళ్ళీ లోపలికి వెళ్ళాను. అక్కణ్ణుంచే కాయ పగిలిన చప్పుడు, నీళ్ళు చుయ్యిమన్న చప్పుడు, కాలిన కొబ్బరి వాసన. కమ్మటి వాసన. నేను బయటికి వచ్చేసరికి వాడు పంపు ముందు గొంతుక్కూర్చుని కదలకుండా చూస్తున్నాడు. నా చేతిలో గిన్నె లాక్కుని అతుకు చుట్టూ దట్టంగా పసుపు రాశాడు.

"చాల్లేరా, పెళ్ళికూతుర్ని చేస్తావా ఏం?" అన్నాను. వాడు నవ్వలేదు.

ఆటోలో తాళ్ళతో కడుతుండగా ఆయన వచ్చారు. "అప్పుడే తీశారేం?" అన్నారు కంగారుగా. "చల్లారింది బావా" అన్నాడు వాడు. చెయ్యి పెట్టి చూశారు. ఇంకా వెచ్చగానే ఉంది. కానీ పసుపూ కుంకుమా చూసేసరికి ఇంక ఏ ప్రశ్నా అడగలేకపోయారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ వేళ మధ్యాహ్నం రెండోసారి అన్నం పెట్టించుకున్నారు, రెండు చేతులూ బల్ల మీదే పెట్టుకుని.

నాకు ఫోను చెవికి ఆనించుకునే అలవాటు లేదు. స్పీకరు పెట్టి వంటగట్టు మీద పడేస్తాను. మర్నాడు పొద్దున ఫోను మోగేసరికి నా చేతులు అట్ల పిండిలో ఉన్నాయి. ఆయన పక్కనే నిలబడి ఉన్నారు, పంపు ఎలా తోడిందో విందామని.

"అక్కా, పంపు కాస్తా గోవిందా! ఇంజను అందుకోగానే ఫెళ్ళున పగిలి నీళ్ళన్నీ ఎగజిమ్మింది. వంతు పోయింది. నారుమడి ఎండిపోద్ది. బావ ఏదో కాలక్షేపానికి చేసుకునే పని నమ్ముకుని నట్టేట మునిగాను" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు కూడా.

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది. ఆయన మొహం చూస్తూ చూస్తూనే, "నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నాను, వింటేనా ఈ మనిషి!" అన్నాను. మొదట్నుంచీ ఏం మొత్తుకున్నాను? ఏమీ లేదు. పుట్టిల్లు ఒక వైపు, మొగుడు ఒక వైపు ఉండేసరికి నాలిక దానంతటదే అటు తిరిగింది.

ఆయన పెరట్లోకి వెళ్ళిపోయారు. కాసేపటికి చూస్తే మిషను వైర్లు చుట్టలు చుట్టి పక్కన పెడుతున్నారు. "ఎవరికైనా ఇచ్చేస్తానోయ్. చేతకానిది పెట్టుకోకూడదు" అన్నారు. ఎన్నాళ్ళ నుంచో ఆ మాట ఎప్పుడంటారా అని ఎదురుచూశాను. తీరా అన్నాక ఆ వైర్లు చేతిలోంచి లాక్కోవాలనిపించింది. రెండు రోజులు షెడ్డు వైపు వెళ్ళలేదాయన. టీవీ ముందు కూర్చున్నారు. టీవీ చూడలేదు.

మూడోరోజు తమ్ముడి కొడుకు ఫోనులో పంపు ఫొటో పంపాడు, తాతయ్య పంపు ఇంక లేదని ఏడుపుబొమ్మలు పెట్టి. ఆయనకి చూపించనా వద్దా అనుకుంటూనే చూపించాను. ఆయన వేళ్ళతో పెద్దది చేసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, చాలాసేపు చూశారు.

"అతుకు ఊడలేదు" అన్నారు.

"మరి?"

"అతుకు అలాగే ఉంది. దాని పక్కన ఇనుము పగిలింది. కాలుతున్నప్పుడు నీళ్ళు పడితే ఇలా పగులుద్ది. కానీ నీళ్ళు ఎక్కడివి? మీ తమ్ముడికి చెప్పే వెళ్ళానుగా, చుక్క పడకూడదని."

నాకు చుయ్యిమన్న చప్పుడు చెవుల్లో వినిపించింది.

"ఏవండీ, కొబ్బరినీళ్ళు పడినా పగులుతుందా?"

ఆయన నా వంక చూశారు. అంత వెర్రి ప్రశ్న అడిగినందుకు నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. నేనే అంతా చెప్పాను. వర్జ్యం, కాయ, పసుపు, అన్నీ. కాయ ఇచ్చింది నేనేనని కూడా చెప్పాను. "తెలియక చేశారులే" అన్నారు నిదానంగా. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. అవును, తెలియక చేశాం, వాడూ నేనూ. చుక్క పడకూడదంటే పూజ నీళ్ళు కూడా అని వాడికేం తెలుసు? ఆ ముక్క తమ్ముడికీ చెప్పి, వాడి చేత బావకి ఓ మాట చెప్పించేస్తే సరిపోతుంది కదా. అప్పటికప్పుడు ఫోన్ చేశాను, ఆయన ఎదురుగా, ఆయన వినాలనే, స్పీకరు పెట్టి.

"ఒరేయ్, పంపు పగిలింది మన వల్లేరా. కొబ్బరినీళ్ళు పోశాంగా, కాలుతున్న ఇనుము మీద. పాపం మీ బావని అనవసరంగా ఆడిపోసుకున్నాం. నీకూ తెలియదు, నాకూ తెలియదు."

వాడు గొంతు తగ్గించి అన్నాడు.

"తెలుసక్కా. పోసినప్పుడే టిక్కుమంది. వెంట్రుకంత గీత కనపడింది కూడా. నిలబడుద్దేమోలే అని పసుపు రాసేశాను. బావకి మాత్రం చెప్పమాకు. చుక్క పడకూడదని చెప్పే వెళ్ళారాయన. ఊళ్ళో అందరికీ అతుకు ఊడిందనే చెప్పాను, ఇప్పుడు మాట మారిస్తే నా పరువేం కాను?"

నేను ఫోను వైపు చెయ్యి చాపాను, స్పీకరు ఆపుదామని. పిండి చెయ్యి కూడా కాదు, శుభ్రంగా ఉంది, అయినా ఆ బొత్తాం దొరకలేదు. భూమి నిలువునా చీలి అందులోకి వెళ్ళిపోతే బాగుండుననిపించింది. ఇన్నేళ్ళు ఏ పుట్టింటి గొప్ప చూసుకుని ఈయన గోళ్ళలో మసిని చూసి సిగ్గుపడ్డానో, ఆ పుట్టిల్లు మాట్లాడుతున్న మాటలవి. తేలుకుట్టిన దొంగలా వాడు అన్నాళ్ళూ నోరు మూసుకున్నాడు, మధ్యలో మా ఆయన మిషను వైర్లు చుట్టేసుకున్నారు.

ఆయన ఫోను దగ్గరికి వంగారు.

"ఏవయ్యా, పంపు తీసుకురా. మళ్ళీ అతుకుదాం. వచ్చే వంతుకి అందుద్ది" అన్నారు. అంతే. అవతల ఫోను ఠక్కున పెట్టేశాడు.

వాడు రాలేదు. పంపు మాత్రం ట్రాలీ ఆటోలో ఒక్కటే వచ్చింది. ఆయన చుట్టిన వైర్లు విప్పి కొత్త పగులు అతికారు. మొదటి గీత పక్కన రెండో పసుప్పచ్చటి గీత వచ్చింది. బూడిద డ్రమ్ముకి నేను కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను, కాకి వాలితే ఒట్టు. మర్నాడు ఆయన మూత తీసి, అరచెయ్యి ఆనించి, నన్ను పిలిచి నా చెయ్యి కూడా ఆనించారు. నీళ్ళకుండలా చల్లగా ఉంది. "ఇప్పుడు కావాలంటే కాయ కొట్టు" అన్నారు. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అన్నారు. నాకు మాత్రం చెయ్యి రాలేదు.

వచ్చే వంతుకి, పంపు తోడుతుంటే చూడాలని ఆయనకి కోరిక. ఇద్దరం ఊరెళ్ళాం. మొదటి వంతు పోవడంతో నారుమడి సగం ఎండిపోయింది, మిగతా నారు వేరే ఊరి నుంచి తెచ్చుకున్నారట. మరదలు ఆ మాట మా దగ్గర ఎత్తకుండా కాఫీలిచ్చింది. దానికీ అతుకు ఊడిందనే చెప్పాడన్నమాట. కాలవగట్టు మీద పంపు బిగించి ఉంది. ఒళ్ళంతా కొత్తగా ఆకుపచ్చ రంగు, దిట్టంగా. గీతలు రెండూ కనపడటం లేదు. నేను వంగి గోరుతో కాస్త గీకాను. రంగు కింద పసుప్పచ్చగా మెరిసింది. తలెత్తితే తమ్ముడు నన్నే చూస్తున్నాడు. వాడే ముందు చూపు తిప్పుకున్నాడు.

పక్క చేను పెద్దాయన గట్టు మీద చేరి మా ఆయనతో కబుర్లలో పడ్డాడు. "ఏవండీ, మొదటిసారి మీరేసిన అతుకు ఊడిపోయిందంటగా?" అన్నాడు నవ్వుతూ.

నేను తమ్ముడి వంక చూశాను. చెప్పరా, ఒక్క ముక్క చెప్పు, అని లోపల మొక్కుకున్నాను. వాడు ఇంజను హ్యాండిలు అందుకున్నాడు.

"అవునండీ, కొత్త కదా. మొదటిసారి చెయ్యి తిరగలేదు" అన్నారు మా ఆయన. గోళ్ళలో మసి ఉన్న ఆ చెయ్యినే చాపి చూపిస్తూ అన్నారు.

ఇంక నా వల్ల కాలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడితే పడనీ అనుకున్నాను. "అతుకూడలేదండీ! కాయ ఇచ్చింది నేను, కాలుతున్న పంపు మీద నీళ్ళు పోసింది వీడు!" అని అరిచాను. సరిగ్గా అప్పుడే ఇంజను అందుకుంది. డబడబమని గట్టంతా అదిరిపోయింది.

పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నా వైపు వంగాడు. "ఏంటమ్మా?" అన్నాడు.

తమ్ముడు హ్యాండిలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వాడికి వినపడింది. మొహం చూస్తే తెలుస్తుంది కదా, పాలిపోయింది, అచ్చం మా నాన్న మొహం. మా ఆయన నా వంక చూసి వద్దన్నట్టు తలూపారు.

"ఏం లేదండీ" అన్నాను. ఒకసారి వచ్చిన మాట రెండోసారి రాలేదు.

నీళ్ళు పైపులోంచి దూకి బోదెలో పడుతున్నాయి. మా ఆయన పంపు దగ్గర గొంతుక్కూర్చుని, రంగు కింద అతుకులున్న చోట అరచెయ్యి పెట్టి తడి చూశారు. నాకు ఎత్తి చూపించారు. చెయ్యి పొడిగా ఉంది.